జామీను నిలబడ్డ ముఖాలు



మొన్న ఈద్‌కి కర్నూలులో మా ఆపా ఇంటికి వెళ్ళాను. మధ్యాహ్నం ఖానా అయ్యాక పెద్దవాళ్ళంతా నడుం వాల్చారు. మా భాంజా మాత్రం వరండాలో గోడకి ఆనుకుని ఫోనులో తల దూర్చి కూర్చున్నాడు. ఇంజినీరింగు ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. ఈద్ నాడు కూడా ముఖంలో కళ లేదు. పక్కన కూర్చుని రెండు మూడు సార్లు కదిపితే చివరికి చెప్పాడు.

"విత్‌డ్రా పెట్టి మూడు వారాలైంది మామూ. పెండింగ్ అనే చూపిస్తోంది."

"ఎంత?"

"పద్దెనిమిది వేలు. అమ్మీకి చెప్పకు."

అది పేకాట సైటు. కొత్త కాయిదా వచ్చాక ఇక్కడి కంపెనీలు పైసల ఆటలు మూసుకున్నాయి కదా, ఇది ఎక్కడో పరాయి దేశంలో నడిచేది. అసలు దాన్ని ఎలా నమ్మావురా అని అడిగాను. వాడు ఒక వీడియో తీసి చూపించాడు. ప్రపంచంలో పేరున్న పోకర్ ఆటగాడట, నెత్తిన టోపీ, టోపీ మీద ఆ సైటు గుర్తు, నవ్వుతూ రమ్మంటున్నాడు. "ఇంత పెద్ద ఆటగాడు ధోకా సైటుకి ఎందుకు చెప్తాడు మామూ?" అన్నాడు.

నాకు చప్పున జవాబు తోచలేదు. కానీ ఈ సవాల్ కొత్తది కాదు. పదిహేనేళ్ళ క్రితం అమెరికాలో ఇదే మాట వేలమంది అడిగారు, అడిగి మోసపోయారు. ఆ తారీఖ్ ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్ళలో పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి గనుక రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. జువా హరామ్, ఇందులో నాకు బహస్ లేదు. కానీ "హరామ్" అన్న ఒక్క మాటతో ముగిస్తే ఈ కాలం పిల్లలు ఆగరు. వాళ్ళ దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. "ఇది జువా కాదు మామూ, హునర్. నసీబు కాదు, దిమాగ్." ఆ దిమాగ్ ఉన్న మహామహులే ఈ కిస్సాలో పాత్రలు. అందుకే వాళ్ళ గురించే చెప్పాలి.

2003లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రానికి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు లాస్ వేగాస్‌లో జరిగే పోకర్ వరల్డ్ సిరీస్ గెలిచాడు. ఇంటిపేరే మనీమేకర్, నేను కల్పించింది కాదు. అతను పోకర్‌స్టార్స్ అనే సైటులో కొద్దిపాటి రుసుము కట్టి, చిన్న పోటీ గెలిచి, అక్కడినుంచి అసలు పోటీలోకి వెళ్ళాడు. 25 లక్షల డాలర్లు గెలిచాడు. అప్పుడప్పుడే టీవీవాళ్ళు ఆటగాళ్ళ చేతిలోని మూసిన ముక్కల్ని కూడా చూపించే కెమెరాలు పెట్టారు. చూసేవాడికి అందరి గుట్టూ తెలుస్తుంది, ఆడేవాడికి తెలియదు. దాంతో పేకాట క్రికెట్ మ్యాచిలా తయారైంది. 2003లో ఆ పోటీకి వచ్చినవాళ్ళు 839 మంది. 2006లో 8,773 మంది. అకౌంటెంటు గెలవగలిగితే నేనెందుకు గెలవను అన్న ఆశ ఆ రెండు అంకెల మధ్య ఉంది.

ఆ ఆశ మీద 2004లో ఫుల్ టిల్ట్ పోకర్ అనే సైటు లేచింది. పోకర్ భాషలో 'టిల్ట్' అంటే, ఓడిపోయిన కసిలో హోష్ తప్పి ఎడాపెడా పందెం కాసే హాలత్. తాగుబోతు తన దుకాణానికి 'పూర్తి మత్తు' అని పేరు పెట్టుకున్నట్టు! ఎవరికీ అది వింతగా అనిపించలేదు.

ఈ సైటు బలమంతా దాని ముఖాల్లోనే ఉంది. హావర్డ్ లెడరర్‌ని జనం 'ప్రొఫెసర్' అనేవాళ్ళు. క్రిస్ ఫర్గూసన్ కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ ఉన్నవాడు, 2000 సంవత్సరంలో వరల్డ్ సిరీస్ గెలిచినవాడు. పొడుగు జుట్టు, గడ్డం వల్ల అతనికి జనం ఈసా అలైహిస్సలామ్ పేరునే ముద్దుపేరుగా పెట్టారు. అస్తగ్ఫిరుల్లాహ్, మనం ఆ పేరు అలా వాడం. ఇంకా ఫిల్ ఐవీ, ఎరిక్ సీడెల్, జెనిఫర్ హార్మన్ వంటి దిగ్గజాలు. వీళ్ళలో చాలామంది కేవలం కూలీకి టోపీ పెట్టుకున్నవాళ్ళు కాదు, కంపెనీలో వాటాలున్నవాళ్ళు. సైటు ప్రచారమంతా ఒకటే: మహా ఆటగాళ్ళతో మాట్లాడండి, నేర్చుకోండి, వాళ్ళతోనే ఆడండి. ఆట బల్ల దగ్గర ఆ ప్రొఫెషనల్స్ పేర్లు ఎర్ర అక్షరాల్లో కనిపించేవి. డబ్బు కంపెనీకి పంపుతున్నామని కాదు, టీవీలో చూసిన ఆ పెద్దమనిషికి ఇస్తున్నామని మామూలు ఆటగాడు అనుకునేవాడు.

2006 అక్టోబరులో అమెరికా కొత్త కాయిదా తెచ్చింది. ఆడేవాడిని కాదు, ఆన్‌లైన్ జువాకి డబ్బు చేరవేసే దారిని పట్టుకునే కాయిదా అది. పార్టీపోకర్ అనే పెద్ద కంపెనీ వెంటనే అమెరికా వదిలి వెళ్ళిపోయింది. పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, అల్టిమేట్‌బెట్, అబ్సల్యూట్ పోకర్ ఉండిపోయాయి. ఉండాలంటే బ్యాంకుల కళ్ళు కప్పాలి. పేకాట డబ్బును నగల అమ్మకమనీ, గోల్ఫ్ బంతుల అమ్మకమనీ చూపించే ఉత్తుత్తి దుకాణాలు పుట్టాయని తర్వాత ప్రాసిక్యూటర్లు రాశారు. టీవీల్లో ప్రకటనలు మాత్రం ఆగలేదు. అందులో ఒక హికమత్ ఉంది. ప్రకటనలో చూపేది 'డాట్ నెట్' సైటు, ఉచితంగా నేర్చుకునే మదర్సా లాంటిది. అసలు డబ్బు ఆడేది అదే పేరుతో ఉన్న 'డాట్ కామ్'లో. సోడా ప్రకటన పేరుతో షరాబ్ అమ్మడం మన దేశంలో మనం చూడనిదా?

2011 ఏప్రిల్ 15, శుక్రవారం. మనకి జుమా, పోకర్ లోకం దాన్ని 'నల్ల శుక్రవారం' అంటుంది. న్యూయార్కులో ఫెడరల్ ప్రాసిక్యూటర్ ప్రీత్ భరారా 11 మంది మీద నేరారోపణలు బయటపెట్టాడు. సైట్లు తెరిస్తే ఆట బదులు అమెరికా ప్రభుత్వ ముద్రలు కనిపించాయి. పోకర్‌స్టార్స్ కొద్ది వారాల్లోనే అమెరికా ఆటగాళ్ళ సొమ్ము తిరిగి ఇచ్చేసింది, ఎందుకంటే ఆ సొమ్ము దాని దగ్గర విడిగా ఉంది. ఫుల్ టిల్ట్ ఇవ్వలేదు. రేపు, ఎల్లుండి అంటూ సాగదీసింది. జూన్ 29న ఆల్డర్నీ ద్వీపపు జూద నియంత్రణ కమిషన్ దాని లైసెన్సు నిలిపేసింది, సెప్టెంబరులో పూర్తిగా రద్దు చేసింది. లైసెన్సు నిలిపేసేదాకా మిగతా దేశాలవాళ్ళు ఆ సైటులో డబ్బు వేస్తూనే ఉన్నారు!

సెప్టెంబరు 20న ప్రాసిక్యూటర్లు అసలు హిసాబ్ బయటపెట్టారు. 2011 మార్చి 31 నాటికి ఫుల్ టిల్ట్ ప్రపంచంలోని ఆటగాళ్ళకి బాకీ ఉన్నది సుమారు 39 కోట్ల డాలర్లు. అందులో అమెరికావాళ్ళది 15 కోట్లు. బ్యాంకులో ఉన్నది 6 కోట్లు. మరి మిగతాది ఎక్కడ? 2007 ఏప్రిల్ నుంచి సుమారు నాలుగేళ్ళలో యజమానులకీ, బోర్డు సభ్యులకీ పంచిన మొత్తం 44 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఫిర్యాదు ప్రకారం లెడరర్‌కి 4.2 కోట్లు, కంపెనీ పెద్ద రే బిటార్‌కి 4.1 కోట్లు అందాయి. ఫర్గూసన్ పేరున 8.75 కోట్లు రాశారు, చేతికి కనీసం 2.5 కోట్లు చేరాయి. భరారా దీన్ని ప్రపంచవ్యాప్త పోంజీ స్కీము అన్నాడు. ఆటగాళ్ళకి చెప్పింది మాత్రం మీ సొమ్ము భద్రంగా, విడిగా ఉంది అని.

ఇందులో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన సంగతి వేరే ఉంది. 2010 నుంచి డబ్బు చేరవేసే దారులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆటగాడు వంద డాలర్లు వేశానని నొక్కితే, సైటు అతని ఖాతాలో వంద చూపించేది, కానీ అతని బ్యాంకునుంచి ఆ వంద తీసుకోలేకపోయేది. అయినా ఆట ఆపలేదు. ఇలా లేని డబ్బు దాదాపు 13 కోట్ల డాలర్లు. ఆ లేని వందను అతను నిజమైన వంద వేసినవాడికి ఓడిపోయాడనుకోండి. గెలిచినవాడి తెర మీద రెండు వందలు. ఖజానాలో ఒక వందే. ఆ వందను కూడా యజమానులు పంచుకుంటే? రాత్రంతా మేలుకుని, ముక్కలు లెక్కపెట్టి, ఎదుటివాడి చూపు చదివి గెలిచిన హునర్ చివరికి గెలిచింది తెర మీద అంకెని. మా భాంజా పద్దెనిమిది వేలు కూడా అలాంటి అంకే.

ఫిల్ ఐవీ సంగతి చెప్పాలి, లేకపోతే ఇన్సాఫ్ కాదు. ఆ రోజుల్లో ప్రపంచంలో అందరికంటే గొప్ప ఆటగాడు అతనే అనేవాళ్ళు. 2011 మే ఆఖరులో అతను బహిరంగంగా షర్మ్ వెలిబుచ్చాడు. తోటి ఆటగాళ్ళ డబ్బు ఇరుక్కుపోయి ఉండగా తాను ఆ ఏడాది వరల్డ్ సిరీస్ ఆడనన్నాడు, ఆడలేదు. కంపెనీ మీద దావా కూడా వేశాడు. నెల తిరిగేలోగా ఆ దావా వాపస్ తీసుకున్నాడు. దావా ప్రజల కోసమా, తన ఒప్పందం వదిలించుకోవడం కోసమా అని అప్పట్లో చాలా బహస్ జరిగింది. నియ్యత్ అల్లాహ్‌కే ఎరుక. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ మాత్రం వదులుకున్నాడు, అది ఒప్పుకోవాలి. మిగతా చాలామంది నోరు మెదపలేదు.

ఫుల్ టిల్ట్ ఖియానత్ అయితే, అల్టిమేట్‌బెట్‌ది పచ్చి చోరీ. ఆ సైటులో కొందరికి అవతలివాళ్ళ మూసిన ముక్కలు కనిపించే రహస్య తాళంచెవి ఉంది. కొన్నేళ్ళు, 2008 జనవరి దాకా, అది నడిచింది. కెనడాలో మోహాక్ ఆదివాసుల కానవాకే గేమింగ్ కమిషన్ దర్యాప్తు చేసి ప్రధాన బాధ్యుడిగా రస్ హామిల్టన్ పేరు చెప్పింది. ఎవరీ హామిల్టన్? 1994 వరల్డ్ సిరీస్ విజేత. ఆ ఏడు విజేతకి నగదుతో పాటు అతని ఒంటి బరువుకి సమానమైన వెండి తూచి ఇచ్చారు. తక్కెడలో కూర్చుని వెండి తీసుకున్న ఆ భారీ మనిషే తర్వాత తూకంలో మోసానికి పేరుమోశాడు. సైటు ఆటగాళ్ళకి దాదాపు 2.2 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. హామిల్టన్ మీద మాత్రం క్రిమినల్ కేసు పడలేదు.

దాని సోదర సైటు అబ్సల్యూట్ పోకర్‌లోనూ 2007లో అదే దొంగతనం దొరికింది. దొరికిన తీరు అల్లాహ్ ఖుద్రత్ అనాలి. ఒక పోటీలో ఓడిన ఆటగాడు తన ఆట రికార్డు పంపమని అడిగాడు. సైటువాళ్ళు పొరపాటున మొత్తం ఫైలు, అందరి ముక్కలతో సహా, పంపేశారు. మిగతాదంతా ఆటగాళ్ళే రాత్రింబవళ్ళు కూర్చుని విప్పుకున్నారు. లైసెన్సు ఇచ్చిన కమిషన్ కాదు, టోపీ పెట్టుకున్న చాంపియన్లు కాదు, నష్టపోయినవాళ్ళే పట్టుకున్నారు.

అల్టిమేట్‌బెట్‌కి ముఖాలుగా ఉన్నది 1989 విజేత ఫిల్ హెల్‌మ్యూత్, ఆనీ డ్యూక్. ఈ ఆనీ డ్యూక్, ఫుల్ టిల్ట్ లెడరర్‌కి సొంత చెల్లెలు. అన్న ఒక దుకాణం ముందు, చెల్లి ఇంకో దుకాణం ముందు. వీళ్ళిద్దరికీ ఆ చోరీలో వాటా ఉందని ఏ దర్యాప్తూ చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ 2008లో మోసం బయటపడ్డాక కూడా వాళ్ళు ఆ గుర్తు తీసేయలేదు. 2010 డిసెంబరు ఆఖరులో గానీ సైటు వదల్లేదు. ఆ మధ్య రెండేళ్ళకి పైగా ఆ ముఖాల్ని చూసి ఖాతా తెరిచినవాళ్ళ సంగతి? నల్ల శుక్రవారం నాడు అబ్సల్యూట్, అల్టిమేట్‌బెట్ రెండింటి డబ్బూ మాయమైంది. ఆ బాధితులకి ఆరేళ్ళు, 2017 దాకా, పైసా రాలేదు.

ఇప్పుడు నా భాంజా సవాల్‌కి వస్తాను. పెద్ద ఆటగాడు ఎందుకు చెప్తాడు? రెండు సాకులు వినిపిస్తాయి. ఒకటి, "నాకు తెలియదు, నేను ముఖం మాత్రమే." రెండోది, "ఆడినవాడిది కూడా తప్పే కదా."

మొదటి సాకు వింటే నాకు హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు రివాయత్ గుర్తొస్తుంది. ఒకతను గవాహీ ఇవ్వడానికి వచ్చాడు. నువ్వెవరో నాకు తెలియదు, నిన్నెరిగినవాణ్ణి తీసుకురా అన్నారు ఉమర్. ఒకాయన లేచి, ఇతను మంచివాడు, నేనెరుగుదును అన్నాడు. ఉమర్ మూడు అడిగారు. నువ్వు ఇతని పక్కింటివాడివా? ఇతనితో డబ్బు లావాదేవీ చేశావా? ఇతనితో ప్రయాణం చేశావా? మూడింటికీ లేదనే జవాబు. అయితే నీకు ఇతను తెలియదు అని తేల్చేశారు. మస్జిద్‌లో తల వంచి లేపడం చూసి ఉంటావులే అన్నారని కూడా ఆ రివాయత్‌లో ఉంది.

టోపీ పెట్టుకుని నవ్వే ఆటగాణ్ణి ఉమర్ ముందు నిలబెట్టండి. కంపెనీ బ్యాంకు పుస్తకం చూశావా? ఆటగాళ్ళ సొమ్ము విడిగా ఉందో లేదో అడిగావా? ఎవరికైనా డబ్బు వాపస్ రాకపోతే నీకు తెలిసే దారి ఉందా? వీటిలో దేనికీ జవాబు లేనివాడు ఇచ్చేది గవాహీ కాదు, తన పేరుని కిరాయికి ఇవ్వడం. ఇక్కడ నాకొక విచిత్రం కనిపిస్తుంది. పోకర్ ప్రొఫెషనల్ అంటే ఎదుటివాడు కనురెప్ప వేసే తీరు చూసి అబద్ధం పట్టేవాడు. తన ఎదుట బల్ల మీద ఎవడు పందెం కాసినా వాడి దగ్గర నిజంగా సొమ్ముందా అని చూడకుండా ముక్క వెయ్యడు. తనకి ప్రతి నెలా వాటా పంపే కంపెనీ దగ్గర మాత్రం ఆ చూపు మూసుకున్నాడు!

మన ఫిఖ్‌హ్‌లో జామీనుదారుడి మీద బాధ్యత పడుతుంది, అసలువాడు ఎగ్గొడితే ఇతను కట్టాలి. ప్రచారం చేసినవాడు కాగితం మీద జామీను కాడు, నిజమే. కాయిదా అతన్ని పట్టుకోలేకపోవచ్చు. కానీ జనం డబ్బు వేసింది కంపెనీని చూసి కాదు, అతన్ని చూసి. ఆ భరోసాకి కమీషన్ తీసుకున్నవాడు నష్టం రోజున నేను బయటివాణ్ణి అంటే నా మనసు ఒప్పుకోదు.

రెండో సాకు మన మధ్య కూడా వినిపిస్తుంది. జూదగాళ్ళ డబ్బు పోతే పోనీ, హరామ్ సొమ్ము హరామ్‌లోకి పోయింది అంటారు మన పెద్దలు కొందరు. నేనిది ఒప్పుకోను. మక్కాలో ఖురైష్ మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ ప్రాణం తీయడానికి చుట్టుముట్టిన రాత్రి గుర్తు చేసుకోండి. ఆయన దగ్గర మక్కావాళ్ళ అమానత్‌లు ఉన్నాయి. ఆ అమానత్‌లు దాచుకున్నవాళ్ళు విగ్రహాలని పూజించేవాళ్ళే, ఆయన దీన్‌ని ఒప్పుకోనివాళ్ళే. ఆ డబ్బు ఏ వ్యాపారం నుంచి వచ్చిందో, ఏ వడ్డీ నుంచి వచ్చిందో ఎవరు విచారించారు? హిజ్రత్‌కి బయలుదేరుతూ హజ్రత్ అలీని వెనక ఉంచారు, ఎవరి సొమ్ము వాళ్ళకి అప్పగించి రమ్మని. అమానత్ పెట్టినవాడి గుణాన్ని బట్టి అమానత్ బరువు తగ్గదని మనకి దాంతో తెలుస్తుంది. కాబట్టి ఆడినవాడి గునాహ్ ఆడినవాడిది. అతని సొమ్ము మింగినవాడి గునాహ్ వేరే ఖాతా.

పోతే 'హునర్' సంగతి. జాహిలియ్యత్ కాలపు అరబ్బులు ఆడిన మైసిర్‌లో పది బాణాలుండేవి. ఏడింటికి వాటాలు, మూడు ఖాళీ. ఒంటెని కోసి భాగాలు చేసి బాణాలు తీసేవాళ్ళు. ఖాళీ బాణం వచ్చినవాడు ఒంటె ఖరీదు కట్టేవాడు. గెలిచినవాళ్ళు ఆ మాంసాన్ని తాము తినకుండా గరీబులకి పంచి గొప్పలు చెప్పుకునేవాళ్ళు. సూరె బఖరాలో జూదంలో కొంత లాభం కూడా ఉందని ఒప్పుకుంటూనే గునాహ్ దానికంటే పెద్దదని చెప్పడం వెనక ఈ నేపథ్యం ఉందని ముఫస్సిరీన్ అంటారు. తర్వాత సూరె మాయిదాలో పూర్తిగా మనా వచ్చింది. ఆ అరబ్బులే నయమనిపిస్తుంది నాకు. వాళ్ళ ఒంటె మాంసం ఫకీరు గిన్నెలోకైనా వెళ్ళింది.

ఈ హునర్ వాదానికి మన హైదరాబాద్‌తో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. 1963 మేలో సికిందరాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. అక్కడ రమ్మీ ఆడుతున్నారు. కేసు పెట్టింది నిజాం జమానాలో ఫస్లీ 1305లో వచ్చిన హైదరాబాద్ జూద చట్టం కింద. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1967 నవంబరులో తీర్పు వచ్చింది. తీర్పు రాసింది జస్టిస్ ముహమ్మద్ హిదాయతుల్లా సాహెబ్, తర్వాత ప్రధాన న్యాయమూర్తి, ఉపరాష్ట్రపతి కూడా అయిన ఆయన. మూడు ముక్కలాట లాగా రమ్మీ కేవలం నసీబు ఆట కాదు, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యం ఆట అన్నారు. క్లబ్బు గెలిచింది.

ఆన్‌లైన్ కంపెనీలు యాభై ఏళ్ళ తర్వాత ఈ తీర్పునే తాయెత్తులా కట్టుకుని తిరిగాయి. కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది, దాన్ని ఏ ప్రకటనలోనూ చెప్పరు. పందెం పెట్టి ఆడే ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీస్తున్నాడని సాక్ష్యం ఉంటే నేరం నిలబడొచ్చన్నారు హిదాయతుల్లా సాహెబ్. కూర్చోడానికి కుర్చీ, తాగడానికి చాయ్ ఇచ్చినందుకు రుసుము వేరు, ప్రతి పందెంలో వాటా కొట్టడం వేరు. సగం తీర్పు చదివి వినిపించడం కూడా ఒక రకమైన అబద్ధపు గవాహీయే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఈ నైపుణ్యం మినహాయింపుని తీసేసి ఆన్‌లైన్ రమ్మీని ఆపాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన కాయిదా ప్రచారం చేసేవాళ్ళ దాకా వచ్చింది. పైసల ఆటలకి ప్రకటన చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జుర్మానా. అదే ఏడాది మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం చేశారని సినిమావాళ్ళ మీద, యూట్యూబర్ల మీద కేసులు నమోదయ్యాయి. ఎవరిది తప్పో అదాలత్ తేలుస్తుంది.

అమెరికా కిస్సా ఎలా తెగిందో చెప్పాలి. 2012 జూలై ఆఖరున పోకర్‌స్టార్స్ ప్రభుత్వంతో 73.1 కోట్ల డాలర్ల రాజీకి వచ్చి ఫుల్ టిల్ట్‌ని తీసుకుంది. అందులో 18.4 కోట్లు బయటి దేశాల ఆటగాళ్ళకి. అమెరికావాళ్ళు ఇంకా ఆగాల్సి వచ్చింది. 2014 ఫిబ్రవరి ఆఖరున మొదటి విడతగా సుమారు 27,500 మందికి 7.6 కోట్ల డాలర్లు చేరాయి. మూడేళ్ళ పాటు ఇల్లు గడవక అప్పులు చేసినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. గమనించండి, బాకీ తీర్చింది పోటీ కంపెనీ. వాటాలు పంచుకున్న ముఖాలు కాదు. బిటార్ 2013లో నేరం ఒప్పుకున్నాడు, గుండె జబ్బు ముదిరి ఉండటంతో జైలు తప్పింది. లెడరర్, ఫర్గూసన్ ఇద్దరూ తప్పు ఒప్పుకోకుండానే, తమకి ముట్టినదానిలో కొంత వదులుకుని ప్రభుత్వంతో రాజీ పడ్డారు.

లెడరర్ 2016లో మాఫీ అడుగుతూ రాశాడు, తర్వాత వరల్డ్ సిరీస్‌కి తిరిగొచ్చాడు. ఫర్గూసన్ కూడా అదే ఏడు వచ్చాడు. 2017లో ఆ ఏటి మేటి ఆటగాడిగా బిరుదు గెలుచుకున్నాడు. మాఫీ వీడియో పెట్టింది ఆ బిరుదు వచ్చాక, 2018లో. ఏడేళ్ళు పట్టింది. అల్లాహ్ హక్కులో తప్పు జరిగితే తౌబా చాలు. బందాల హక్కులో జరిగితే, హుఖూఖుల్ ఇబాద్ అంటాం కదా, తీసుకున్నది వాపస్ ఇస్తేనో, వాళ్ళు మాఫ్ చేస్తేనో తప్ప తౌబా పూర్తి కాదని మన ఉలమా చెప్తారు. హునర్‌కి మాత్రం ఏ తౌబా అక్కర్లేదు కాబోలు, అది ఎప్పటిలాగే గెలుస్తూ పోయింది.

ఇదంతా మా భాంజాకి ఆ సాయంత్రం అస్ర్ నమాజ్ తర్వాత చెప్పాను. ఇంత వరసగా కాదులెండి, ముక్కలు ముక్కలుగా. చివరిదాకా విన్నాడు. ఫర్గూసన్ సంగతి దగ్గర తల వంచుకున్నాడు. కాసేపాగి ఇంకో సంగతి బయటపెట్టాడు. సైటులో చేరినప్పుడు తనకో కోడ్ ఇచ్చారట. ఆ కోడ్‌తో హాస్టల్‌లో ఇద్దరు దోస్తుల్ని చేర్పించాడు. ఒక్కొక్కరికి ఆరు వందల చొప్పున తనకి బోనస్ పడింది. అదొక్కటే తను నిజంగా చేతికి తీసుకున్న డబ్బు. వాళ్ళ డబ్బు కూడా పెండింగ్‌లోనే ఉంది.

"వాళ్ళు నన్ను చూసే వేశారు మామూ. వాళ్ళ పైసలు నేనే కట్టాలా?"

నేను ముఫ్తీని కాదు. వాళ్ళిద్దరి మొత్తం నీ మీద పడుతుందో లేదో మన మస్జిద్ ఇమామ్ సాబ్‌ని అడుగుదాం, ఆ పన్నెండు వందలు మాత్రం నీవి కావు అన్నాను. ఈదీలో వచ్చిన నోట్లు జేబులోంచి తీసి లెక్కపెట్టాడు. తొమ్మిది వందలున్నాయి. మిగతా మూడు వందలు నన్ను అడగలేదు. లేచి లోపలికి వెళ్ళి, నిద్రలేచి చాయ్ పెడుతున్న మా ఆపా పక్కన నిలబడ్డాడు. ఏం చెప్పాడో వరండాలోకి వినపడలేదు, గిన్నె పొయ్యి మీద పొంగిన చప్పుడు మాత్రం వినిపించింది.